జీడిరసంతో ఒక జవాబు

జీడిపిక్కలు కొట్టేటప్పుడు నోరు మూసుకోవాలి. రసం చింది పెదవి మీద పడితే తోలు ఊడుతుంది. పెళ్లయిన ఏడేళ్లుగా నయోమి పిక్కలు కొట్టనప్పుడు కూడా నోరు మూసుకునే ఉంది. ముందుజాగ్రత్త.

ఆ ఉదయం పెరట్లో రాయి ముందేసుకుని కొడుతుంటే, గడపలోంచి అత్తగారు లీలమ్మ కేకేసింది. ఆవిడ గొంతు అక్కుపల్లి రేవు దాకా పోయేది. తుఫాను అనుకుని అక్కడివాళ్లు రెండుసార్లు పడవలు ఒడ్డుకి లాగేశారు. మూడోసారి నిజంగా తుఫాను వస్తే, లీలమ్మే కదా అని ఎవరూ కదల్లేదు.

"ఓసి నయోమీ! వాల్తేరులో మన ఇల్లు సముద్రానికి దగ్గిరగుండాలని రాయించే. నాకు ఆయాసం!"

నయోమి చేతిలో రాయి ఆగిపోయింది. మన ఇల్లట.

ఉత్తరం నిన్ననే వచ్చింది. మద్రాసులో వృక్షశాస్త్రంతో బి.ఏ. చదివి, ఉద్దానంలో క్రైస్తవ మిషను బడి పిల్లలకి అఆలు దిద్దిస్తున్న నయోమిని వాల్తేరు యూనివర్సిటీ వాళ్లు ఆ శాస్త్రమే చెప్పడానికి రమ్మన్నారు. ఆడపిల్లల హాస్టల్లో గది ఇస్తారట. ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. 'గదిలో పొయ్యి పెట్టుకునే వీలు లేదు, భోజనం హాస్టల్ నుంచే వస్తుంది, మన్నించగలరు' అని కూడా రాశారు. ఆ వాక్యాన్ని ఆమె నలభైసార్లు చదివింది. నలభై ఒకటోసారికి అన్నం మాడింది. ఉత్తరంతోపాటు ఒక కాగితం. 'మా యూనివర్సిటీలో పనిచేయాలని మీకెందుకు అనిపించింది?' కింద నాలుగు గీతలు. జవాబు ఈరోజు పలాసలో రైలెక్కకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

భర్త కృపావరం మిషనులో బోధకుడు. ఆయన భోజనం ముందు ప్రార్థన మొదలుపెడితే వేడన్నం చద్దన్నమయ్యేది. కాగితం తీసుకుని మంచం మీద కూచున్నాడు.

"జీతం కోసమని రాయకూడదు, ఆశనుకుంటారు. సదువంటే ఇష్టమని రాయకూడదు, పొగరనుకుంటారు. నీకు తెలీదు గానీ, నాను రాత్తాను."

"నాను రాయగలను బావా," అంది నయోమి. అన్నాననే అనుకుంది. పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. భయం ఆ ఇంట్లో నాలుగో మనిషి. దానికీ నయోమే వడ్డించాలి.

కృపావరం రాసి, గట్టిగా చదివాడు. 'నా భర్త అనుమతితో, దైవసేవగా భావించి వచ్చుచున్నాను. గది వలదు. మేము ముగ్గురము, ఒక ఆవు. వంటిల్లు, పశువులశాల గల ఇల్లు ఇప్పించవలెను.'

"బేగి సంతకం ఎట్టు. బళ్లో కూకుని సెప్పడమే గదా నీ పని, అక్కడా అదే. నువ్వు నేకపోతే అమ్మకి గెంజి ఎవులు కాత్తారు?"

సంతకం పెట్టింది. సిరా మిషనుదని ఆయన బుడ్డిని, కలాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కాగితం ఆరనిమ్మని చెప్పి, తపాలా కూర్మయ్యని పిలవడానికి వెళ్లాడు.

నయోమి ఆ నాలుగు గీతల వంక చూస్తూ నిలబడిపోయింది. రోజూ సాయంత్రం మిషను నుంచి ఇద్దరూ ఒకే బాటన ఇంటికొస్తారు. ఆయన నడక మంచం దగ్గర ఆగిపోతుంది. ఆమెది ఇంకో పది అడుగులు, పొయ్యి దాకా. వాల్తేరు వెళ్లినా ఆ పది అడుగులూ మూటకట్టుకుని వెంట వస్తాయన్నమాట, ఆవుతో సహా. వద్దని చెబితే? ఆయన కొట్టడు. ప్రార్థిస్తాడు. ఊరందరి ముందు, పేరు పెట్టి, ఆమె మనసు మార్చమని దేవుణ్ణి అడుగుతాడు. పోయినసారి, చదువుకోడానికి చిన్న దీపం కొనుక్కుంటానన్నందుకు మూడు ఆదివారాలు అడిగాడు. మళ్లీ అందరూ తలలు వంచుకుని ఓరకంట తననే చూస్తారు. సంతకం పక్కన అరగీత ఖాళీగా ఉంది. సిరా లేదు. పెన్సిలైతే చెరిపేస్తారు.

పెరట్లో పొద్దున పగలగొట్టిన పచ్చిపిక్క ఇంకా కారుతోంది. ఆరేకొద్దీ నల్లబడే రసం. ఆ మరక ఉతికితే పోదు, రుద్దితే పోదు. దాంతో రాస్తే తను కూడా వెనక్కి తీసుకోలేదు. భయం అందుకే. కావలసిందీ అదే.

కొబ్బరి ఈనె విరిచి, రసంలో ముంచింది. లోపల లీలమ్మ దగ్గింది. నయోమి ఆ దగ్గు ఆగేదాకా తలుపు వంక చూసింది. రాసింది. వేలు భగ్గుమంది. ఊదింది. కవరులో పెట్టి, గంజి రాసి అంటించేసింది.

కృపావరం కూర్మయ్యతో వచ్చాడు. "అప్పుడే అంటించేసినావా?"

"అంటించేసినాను బావా." ఈసారి గొంతు వచ్చింది.

"ఆ ఏలికి ఏటయ్యింది?"

"జీడి."

కూర్మయ్య సంచి జీడితోటల వెనక్కి పోయేదాకా ఆమె గడప పట్టుకునే నిలబడింది. భయం తగ్గలేదు. సంచిలో, సంతకం పక్క అరగీతలో, అక్షరాలు నల్లబడుతున్నాయి.

'పై జవాబు నా భర్తది. నా జవాబు, ఆ గదిలో పొయ్యి లేదని. ఒక్కదాన్నే వస్తాను.'