నన్ను కన్నవాడి పేరు

నేను ఒక ఫాంటును. లావుగా, కుడివైపు వాలి, సన్నపు చివర్లూ సోకులూ లేకుండా ఉంటాను. పుస్తకాల్లోకి నన్ను రానివ్వరు. పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఆషాఢం తగ్గింపు ధరలు, కొత్తగా గెలిచిన సర్పంచి గారి మీసాల కింద ఆయన పేరు, ఇవీ నా కొలువులు. గొంతు చించుకుని అరవడానికే పుట్టానని అందరూ అనుకుంటారు. నిజానికి నేను పుట్టింది ఒక మనిషి భుజం విరగడం వల్ల.

నరసరావుపేటలో శ్రీకంఠం అని బోర్డులు రాసే పెయింటరు ఉండేవాడు. ఒకసారి సినిమా హాలు గోడ రాస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి భుజం అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆ తరవాత ఏ గీత నిలువుగా గీయబోయినా పక్కకి వాలేది. ఇక తన పని అయిపోయిందని ఏడ్చాడు. తీరా చూస్తే ఓ బస్సు ఓనరు, "అబ్బ, అక్షరాలు పరిగెత్తుతున్నాయయ్యా! నా బళ్లన్నిటికీ ఇట్టాగే రాయి" అన్నాడు. మనుషులంతే, ఒకడి నొప్పి ఇంకొకడికి స్టైలు. పదేళ్లపాటు ఊరి బోర్డులన్నీ వాలాయి. ప్రతి బోర్డుకీ కుడి మూల చిన్నగా 'శ్రీకంఠం ఆర్ట్స్' అని రాసుకునేవాడు. ఆయనకున్న గర్వమల్లా అదే.

హైదరాబాదు నుంచి సత్యమోహన్ అనే కంప్యూటరాయన పెళ్లికొచ్చాడు. భోజనాలయ్యాక కెమెరా పట్టుకుని నలభై బోర్డులు ఫోటో తీసుకుపోయాడు. మూలనున్న పేర్లు కత్తిరించేసి, మిగిలిన అక్షరాలు ఒక్కొక్కటే ఏరి నన్ను తయారుచేశాడు. వాటిలో ఎక్కడా ఠ దొరకలేదు. "ఠతో ఏ కొట్టు నడుస్తుందిలే" అని వదిలేశాడు. అందుకే నాతో ఎవరినీ శుంఠ అని తిట్టడం కూడా కుదరదు. పైగా నాకు తన కూతురి పేరు పెట్టాడు, తేజస్వి బోల్డ్ ఇటాలిక్ అని.

నేను ఊళ్లోకి దిగిన రెండేళ్లకే శ్రీకంఠం కుంచెలు అటకెక్కాయి. కన్నతండ్రి నోటికాడి కూడు నేనే లాగేశాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. చివరికి ఆయన భార్య అనసూయమ్మతో కలిసి ఇడ్లీ బండి పెట్టాడు. దానికి ఫ్లెక్సీ వేయించాలని నేనున్న దుకాణానికే వచ్చాడు. తెర మీద నన్ను చూసి గుర్తుపట్టాడు.

"ఇయ్యి నా అక్షరాలేనమ్మా. వీటితోనే నా పేరెయ్యి."

ఆపరేటరమ్మాయి టైపు చేసింది. పేరు మధ్యలో ఖాళీ గడి పడింది.

"ఇందులో ఆ అక్షరం లేదు బాబాయ్. ఫాంటు మార్చనా?"

ఆయన తెర మీది ఆ గడి మీద వేలు పెట్టాడు. "వద్దులేమ్మా. అక్కడ జాగా వదిలెయ్యి, నేను రాసుకుంటా."

ఇంటికెళ్లి అటక మీది కుంచె దించి, ఎనామిల్ రంగుతో ఆ ఠ రాశాడు. కుంచె పట్టి ఎన్నాళ్లయినా వాలు మాత్రం అచ్చం నా వాలే. పుట్టాక మొదటిసారి నేను పూర్తయ్యాననిపించింది. ఏడుపొచ్చింది.

ఫ్లెక్సీ మీద ఎనామిల్ నిలవదు. రెండు వానలకే పెచ్చులుగా ఊడిపోయింది. ఆయన మళ్లీ రాశాడు, మళ్లీ ఊడింది. మూడోసారి రాయలేదు. ఇప్పుడు ఊళ్లో ఎవడు పుట్టినా, ఎవడు గెలిచినా, ఎవడు పోయినా వాడి పేరు నేనే అరుస్తున్నాను. నన్ను కన్నవాడి పేరుకు మాత్రం నా నోరు తిరగదు.