గాడిద నోరు చూడని డాక్టరు

రాడోయ్, నెవెనా భార్యాభర్తలు. ఇద్దరూ పశువుల డాక్టర్లే. రొడోపి కొండల్లోని ఒక చిన్న ఊళ్లో ఇద్దరూ కలిసి ఆసుపత్రి నడిపేవారు. ఆవులు, గుర్రాలు, గొర్రెలు ఆయన చూసేవాడు. పిల్లులు, చిలకలు, తాబేళ్లు ఆమెవి. పదకొండేళ్లు అలాగే సాగింది. కిందటి వసంతంలో ఆయన జ్వరంతో పడుకున్నప్పుడు, అడ్డం తిరిగిన దూడను నెవెనా బయటికి తీసి తల్లినీ దూడనూ బతికించింది. అప్పటినుంచి ఆవు దగ్గినా సరే జనం "డాక్టరమ్మ ఉందా?" అనే అడుగుతున్నారు. రాడోయ్ పైకి నవ్వేవాడుగానీ లోపల కుళ్లుకునేవాడు.

ఒక పొద్దున పై ఊరి నుంచి స్తామెనా అవ్వ ఫోన్ చేసింది. ఆమె గాడిద నిన్నటినుంచి మేత ముట్టడం లేదట.

"డాక్టరమ్మను పంపు నాయనా."

పక్క గదిలో నెవెనా ఎవరిదో కుక్క కాలికి కట్టు కడుతోంది.

"ఆమె ఊళ్లో లేదవ్వా. నేనొస్తా," అన్నాడు.

గాడిద గోడవైపు తిరిగి సొంగ కారుస్తూ నిలబడి ఉంది. రాడోయ్ దాని జ్వరం చూశాడు, పొట్టకు స్టెతస్కోపు ఆనించి విన్నాడు.

"డాక్టరమ్మయితే ముందు నోరు తెరిచి చూసేది," అంది అవ్వ.

నిజానికి అతను తర్వాత చూడబోయింది నోరే. ఆ మాటతో చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"నాకు గాడిదలు కొత్తా అవ్వా? ఇది కడుపునొప్పే," అని సూది వేసి వచ్చేశాడు.

మధ్యాహ్నం చిక్కుడుగింజల సూపులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది నెవెనా.

"స్తామెనా అవ్వ గాడిద. తినట్లేదు, సొంగ కారుస్తోంది."

"నోట్లో ఏమన్నా ఇరుక్కుందేమో చూశావా?"

"లేదు."

"నువ్వా? చూడలేదా?"

"నువ్వయితే చూసేదానివని ఆ ముసలామె అంది. అందుకే చూడలేదు. అసలు ఆమె రమ్మన్నది నిన్నే. నువ్వు ఊళ్లో లేవని చెప్పాను."

నెవెనా చెంచా కింద పెట్టింది.

"నా మీద ఏడుపుంటే నా మీద చూపించు. నోరులేనిది, దాన్ని ఆకలితో నిలబెట్టి వస్తావా?"

"నువ్వు వెళ్తావా మరి?"

"నేనెందుకు? నువ్వే వెళ్లి చూడు."

వెళ్లాడు. ఈసారి గాడిద నోరు తెరిచి దీపం వేసి చూశాడు. పైదవడ పళ్ల మధ్య ఒక పుల్ల అడ్డంగా బిగుసుకుని ఉంది. పటకారుతో లాగేశాడు. గాడిద కాసేపు నాలుక ఆడించుకుని ఎండుగడ్డిలో మూతి పెట్టింది.

"డాక్టరమ్మ ఫోన్లో చెప్పిందా?" అంది అవ్వ.

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఆమె పొద్దున ఊళ్లోనే ఉందవ్వా. నీకు అబద్ధం చెప్పాను. నోరు చూడమన్నది ఆమే."

"అనుకున్నాలే," అంటూ అవ్వ గిన్నెడు గొర్రెపాల పెరుగు తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది ఆమెకి. నీకు కాదు."

దారిలో మలుపు దగ్గర కారు ఆపి సగం తినేశాడు. మిగతాది తెచ్చి ఇంట్లో బల్ల మీద పెట్టాడు.

"సగమే ఉందేం?"

"నేను తిన్నా. కడుపుమంట తగ్గుతుందేమోనని."

"తగ్గిందా?"

"లేదు," అన్నాడు రాడోయ్.

నెవెనా గిన్నెను తన ముందుకు లాక్కుంది.