వీపు గోడకు ఆనించి

రాజేందర్ నాకంటే బెత్తెడు పొట్టి. మొగుడు పొట్టివాడైతే నాకొచ్చిన కష్టమేమీ లేదు. కష్టమంతా మా అత్త లస్మవ్వకే. పెళ్లయి కోరుట్లలో అడుగుపెట్టిన నాడే నా చెవిలో వేసింది: "మొగనికంటె ఎత్తు కనవడితె నలుగురు నవ్వుతరు పిల్లా. జర ఒంగి నడువు."

ఒంగాను. ఆయన దుబాయికి పోయినా ఒంగడం మానలేదు. పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేదాన్ని, ఇక నిటారుగా ఉండే పనేముంది? చివరికి వీపు మీద గూని తేలింది, నడుము పట్టేసింది.

కిందటిసారి ఆయన సెలవు మీద వచ్చినప్పుడు మేడిపల్లిలో వాళ్ల మేనమామ బిడ్డ పెళ్లి. పట్టుచీర కట్టుకొని బయల్దేరితే గడపలోనే ఆపేశాడు. "గీ గూనిదాన్ని ఎంటవెట్టుకొని పోతె నా ఇజ్జతేం గావాలె? నువ్వింట్లనే ఉండు."

అత్త తల ఊపింది. ఒంగమన్నదీ వాళ్లే, గూని అన్నదీ వాళ్లే. చీర మడత పెడుతూ ఏడ్చాను, తర్వాత కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. పోగొట్టుకోవాలని కూడా నాకు లేదు.

ఆయన విమానమెక్కగానే జగిత్యాలలో ఫిజియోథెరపీ చేసే అలేఖ్య దగ్గరికి పోయాను. వీపంతా తడిమి చూసి, "వెన్ను బొక్కలు మంచిగనే ఉన్నయ్ అక్కా, అలవాటే చెడ్డది" అంది. గోడకు ఆని నిలబడాలి. మడమలు, పిరుదులు, భుజాలు, తల అన్నీ తగలాలి. గడ్డం లోపలికి లాక్కోవాలి. బోర్లా పడుకొని ఛాతీ మెల్లగా లేపాలి. చాట పక్కన పెట్టి మాటిమాటికీ లేచి నడవాలి.

గదిలో తలుపేసుకొని చేసేదాన్ని. మొదట్లో తల గోడను తాకేదే కాదు. రాజేందర్ మొహం తలచుకొని వెనక్కి నెట్టేదాన్ని. ఎవరేమన్నా సరే, పగ మంచి మందు.

నొప్పి పోయింది, వీపు నిలబడింది. కానీ అత్త కంటపడితే చాలు, మళ్లీ ఒంగేదాన్ని. ఆమె ఫోనులో కొడుక్కి ముందే చేరవేస్తే నా కష్టమంతా బూడిదపాలే.

మొన్న ఆయన వచ్చాడు. చూడ్డానికి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండింది. సిరిసిల్ల నుంచి ఆడబిడ్డ నీల కూడా వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చోబోతూ నడుము పట్టుకొని మూలిగాడు. అక్కడ క్రేన్ నడిపీ నడిపీ పాడైందట.

"నాకు డాక్టరమ్మ ఒకటి జెప్పింది. చేస్తరా?" అన్నాను నేల చూస్తూ.

"నీ గూనే పోలె, నా నడుము సక్కగ జేస్తవా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"చేసి సూడు అన్నా, పోయేదేముంది?" అంది నీల.

ఆయన్ని గోడకు నిలబెట్టి మడమలు, భుజాలు, తల సర్దాను. "గిట్లనే ఉండుండ్రి, నేను సూపిస్త" అని పక్కనే నేనూ వీపు ఆనించి పూర్తిగా లేచి నిలబడ్డాను.

ఆయన నడినెత్తి నా కనుబొమల దగ్గరుంది.

"ఒంగు పిల్లా" అంది అత్త మెల్లగా.

"ఒంగితె గూనొస్తది అత్తమ్మా. గూనుంటె పెండ్లిళ్లకు తీస్కవోరు."

నీల వాళ్లన్న వైపు చూసింది. అందరూ చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అలా నిలబడే, ఎవరికీ తెలియదనుకొని, మెల్లగా మునివేళ్ల మీదికి లేవసాగాడు.

"మడిమెలు కిందికి దించుండ్రి" అన్నాను. "లేకుంటె నొప్పి పోదు."