గరిటె పెట్టని పులుసు

"చేపల పులుసు కాదే ఓబులమ్మా ఇది, చేపల జావ!"

మాలకొండమ్మత్త ఆ మాట నా చెవిలో అనింటే పోయేది. అన్నం తింటున్న జనమంతా వినేట్టు అనింది. కంభం స్టేషన్ దగ్గర ఆమెది మెస్సు. చేపల పులుసుకి పెట్టింది పేరు. ఆమె పొయ్యి మీదికి ఎక్కని చేపని ఈ చుట్టుపక్కల ఇంకెవరూ కొనరు. కంభం చెరువు చేప తప్ప ముట్టని మనిషి, ఆ ఏడు చెరువులో నీళ్లు అడుగంటి చేప దొరక్క, మొదటిసారి మా చేలో గుంట తవ్వి పెంచిన చేప వండింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"గరిటె పెట్టి కెలికింటావు. అందుకే చితికింది" అన్నా.

ఆమెకి ఒళ్లు మండింది. "నేనా? నా జన్మలో చేపల పులుసులో గరిటె పెట్టలే! గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని తిప్పడమే గాని! రా, నీ కళ్లతో చూడు!" అని నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

చట్టిని మెల్లగా అటూ ఇటూ తిప్పింది. పులుసులో ముళ్లు తేలినాయి. మా బొచ్చె చేప ముక్కలు యాడికక్కడ విడిపోయినాయి. వేలితో తీసి నోట్లో పెట్టుకున్నా. తడిసిన పిండి మాదిరి ఉంది, నమిలే పనే లేదు.

"దీన్ని ఎట్ల మేపినారే?"

"కడుపు నిండా తవుడు, వేరుశెనగ చెక్క. పూటపూటకీ పోసినాం."

"అది తిరిగేదానికి జాగా ఉందా?"

జాగా యాడిది? గుంటలో నీళ్లకంటే చేపలే ఎక్కువ.

"వాపు చూసి బలుపు అనుకున్నారు మొగుడూ పెళ్లామూ. ఫారం కోడి కూచుని తింటది, నాటుకోడి తిరిగి తింటది. ఏది గట్టిగుంటదో నీకు నేను చెప్పాల్నా? ఇట్లాంటిది ఇంగోసారి తెచ్చినావంటే గుమ్మం తొక్కనియ్యను!"

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పినా. వెంకటసుబ్బయ్యకి చేప అంటే బరువే. వల లాగిన ప్రతిసారీ ముందు అడిగేది "ఎంత తూగింది?" అనే. "ఆ ముసల్దానికి ఏం తెలుసు? మన చేప ఎంతెంత తూగిందో చూడలేదా?" అని ఎగిరినాడు. తర్వాత కంభంలో ఎవరూ మా చేప తీసుకోకపోయేసరికి ఆయనే మాట మార్చినాడు.

"గుంట పూడ్చి మిర్చి పెడదాం" అన్నాడు.

ఆ గుంట నేను పట్టుబట్టి తవ్వించింది. గట్టు మీద గడ్డి కూడా నా చేత్తో నాటింది. దాన్ని పూడుస్తాడంట!

"ఇంకొక్క పంట చూడు. అత్త నోటితో బాగుందనిపిస్తా. అనకపోతే ట్రాక్టర్ పిలిపించు, మొదటి తట్ట మట్టి నేనే పోస్తా" అన్నా. ఆయన సరేనన్నాడు. నేను ఓడిపోతానని ఆయన ధీమా.

మార్కాపురం పోయి చేపల శాఖ రంగనాయకులు సార్‌ని పట్టుకున్నా. ఆ సార్ ఒక చేపను కోసి, కండ విడదీసి చూపించినాడు.

"చూడమ్మా, చేప కండ పొరలు పొరలుగా ఉంటుంది. మేతతో తొందరగా పెంచితే కండలోని పోగులు లావెక్కుతాయి, మధ్యలో కొవ్వు చేరుతుంది. వాటిని పట్టి ఉంచే సన్నపొర మాత్రం అంత బలపడదు. ఉడికితే అది కరిగి కండ విడిపోతుంది. ఎదురీదే చేపకి పోగులు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి."

"అయితే ఈదిస్తా సార్" అన్నా.

"బరువు తగ్గుతుంది, ఆలస్యమూ అవుతుంది" అన్నాడు.

"తగ్గనీ."

ఈసారి చేపపిల్లని పల్చగా వదిలినా. మేత సగానికి తగ్గించినా. బోరు పైపుని గట్టు వెంబడి పక్కకి తిప్పి పెట్టినా. కరెంటు వచ్చినప్పుడల్లా నీళ్లు గుంట చుట్టూ తిరిగేవి, చేపలు వాలుకి ఎదురు ఈదేవి. పొర్లిన నీళ్లు కంది చేనుకి పారించినా. "కడుపు మాడ్చి చంపుతున్నావే వాటిని" అని మా ఆయన రోజూ సణిగేవాడు. గట్టున పోయేవాళ్లు "ఏమక్కా, చేపలకి కసరత్తు నేర్పిస్తున్నావా?" అని నవ్వేవాళ్లు. నవ్వండి నాయనా, నవ్వండి! నాది ఉడుంపట్టు.

పోయిన పంటకంటే ఎక్కువ నెలలు పట్టింది, చేప మాత్రం చిన్నదే. పట్టే ముందు మేత పూర్తిగా ఆపినా. చల్లని పొద్దున, ఎక్కువ కొట్టుకోనియ్యకుండా వలలోంచి తీసి నేరుగా ఐసులో పెట్టినా. బుట్ట ఎత్తుకుని మెస్సుకి పోయినా.

"గుమ్మం తొక్కనియ్యనన్నానా?" అనింది అత్త.

"తొక్కలే. అవతలే నిలబడినా. చేపని తొక్కనియ్యి చాలు."

ఆమెకి నవ్వొచ్చింది గాని దాచుకునింది. చేప వీపు మీద వేలితో నొక్కి చూసి, సాయంత్రం పులుసు పెట్టింది. "పొద్దున రా. చేపల పులుసు తెల్లారితేనే నిజం చెప్తది" అనింది.

తెల్లారి పోతాంటే మా ఆయన అడ్డమొచ్చి, "ట్రాక్టర్‌కి చెప్పినా, వస్తాంది" అన్నాడు. ఫలితం తేలకముందే పిలిపించినాడు, చూసినారా! ఆయన్ని తప్పుకుని పోయి బస్సెక్కినా.

అత్త పులుసుని పొయ్యెక్కించి మళ్లీ తెర్లించింది. మూత తీసింది. గుడ్డ మాత్రం అందుకోలే. గోడకి తగిలించిన ఇనుప గరిటె తీసుకునింది.

"అత్తా! ఏంది నువ్వు చేసేది?"

"నువ్వే గదా అంటివి, గరిటె పెట్టి కెలికినానని. పడిన మాట ఊరికే పోనిస్తానా? ఈ రోజు కెలుకుతా."

నేను చెయ్యి పట్టుకోబోయినా. ఆమె విదిలించి గరిటెని చట్టి అడుగుదాకా దింపి గిర్రున తిప్పింది. ముక్కలు కిందకీ మీదకీ దొర్లినాయి, ఒకదానికొకటి తగిలినాయి. మళ్లీ తిప్పింది.

ఒక్కటీ విరగలే.

ఆమె ఒక ముక్క తుంచి నోట్లో వేసుకునింది. నమిలింది. నమల్తానే ఉంది.

"చెరువు చేప గుర్తుకొచ్చిందే పిల్లా" అనింది. "రేపు పెందలాడే తీసుకురా. గుమ్మం తొక్కుకుంటానే రా."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలే. అక్కడే గడప మీద కూచుని మా ఆయనకి ఫోన్ చేసినా.

"ట్రాక్టర్ వచ్చిందా?"

"గట్టు మీద ఉంది. మట్టి తోయమంటావా?"

"డ్రైవర్‌కి టీ తాపించి పంపించు. నువ్వు కంభం రా, అన్నానికి."

ఆయన అలవాటు యాడికి పోతది, "ఎంత తూగినాయి?" అన్నాడు.

"తూకం సంగతి తర్వాత. నీకొక ముక్క తీసి పెట్టినా. వచ్చి నమిలి చెప్పు."