పలకని పేరు

కిర్గిజ్ కొండల్లోని కారా-బులున్ ఊరి గ్రంథాలయంలో పొయ్యి ఎప్పుడూ సరిగ్గా మండదు. చలికాలం అక్కడికి వచ్చినవాళ్ళు కోట్లు విప్పకుండానే కూర్చుంటారు. వారానికోసారి అక్కడే బురుల్కన్ పన్నెండు మంది ఆడవాళ్ళకి ఫోన్ భద్రత పాఠాలు చెప్పేది. బళ్ళో కంప్యూటర్ టీచరు కదా, ఈ పని కూడా ఆమె నెత్తినే పడింది. వచ్చేవాళ్ళంతా ఉన్ని తివాచీలు కుట్టి, ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్ముకునేవాళ్ళు. ఆమెని అందరూ ఎజే అని పిలుస్తారు, అంటే అక్క.

మొదటి పాఠం పాస్‌వర్డు. ఎవరిది ఏమిటో పైకి చెప్పకండి అని ఆమె అనేలోపే సగం మంది చెప్పేశారు. తుర్సునై తన ఆవు పేరు పెట్టుకుందిట. ఆ ఆవుని రోజూ సాయంత్రం ఊరంతా వినేలా పిలుస్తుంది మహాతల్లి.

"అయినా మా ఇంట్లో దొంగకి ఏం దొరుకుతుంది ఎజే, మేక బొచ్చు తప్ప?" అంది తుర్సునై. "మా ఆయన్ని ఎత్తుకుపోతానంటే గుర్రం నేనే ఇస్తా."

అందరూ పడీపడీ నవ్వారు. బురుల్కన్ నవ్వలేదు. దొంగకి అక్కర్లేనిది కూడా దొంగ పాడుచేసి పోతాడని చెప్పింది. పొడవైన పాస్‌వర్డు పెట్టుకోమంది, ఒక్కోచోట ఒక్కోటి. దాని మీద రెండో తాళం వేసుకోమంది, అంటే తెరవబోయినప్పుడల్లా ఫోన్‌కి వచ్చే ఆరంకెల కోడ్. ఆ కోడ్ కన్నతల్లి అడిగినా ఇవ్వొద్దంది. పోతే తిరిగి రానివాటికి ఇంకోచోట నకలు దాచుకోమంది. నాలుగు వారాలు ఇవే చెప్పి చెప్పి గొంతు అరగదీసుకుంది.

ఆమెకీ అలాంటివి ఉన్నాయి. మొగుడు జాపర్ గొంతు, నలభై ఒక్క ముక్కలు. వేసవి మేతల్లో ఉన్నప్పుడు అతను సిగ్నల్ కోసం గుట్టెక్కి పంపిన మాటలవి. ఉప్పు అయిపోయింది, గోధుమరంగు గుర్రం ఈనింది, అమ్మ తిన్నదా. రెండు చలికాలాల కిందట కనుమ దారిలో మంచు విరిగిపడి అతను పోయాడు. మాటలు మిగిలాయి. అత్తగారికి ఎనభై దాటాయి, చూపు దాదాపు లేదు. రోజూ మధ్యాహ్నం టీ తాగాక, "వాణ్ణి పలికించు బిడ్డా" అని అడుగుతుంది. బురుల్కన్ ఒకటి పలికిస్తుంది. ముసలావిడ విని, తలాడించి, అప్పుడు కళ్ళు మూసుకుంటుంది. కోడలు మాత్రం మూసుకోదు, ఏడుపొస్తుందని భయం.

పాత ఫోన్‌ని నమ్మలేక ఆ మాటలన్నీ ఫోన్ కంపెనీ వాళ్ళ ఆన్‌లైన్ అరలో దాచింది. ఇప్పుడవి అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు, కబుర్లు పంపేది కూడా ఆ ఖాతాతోనే. పాస్‌వర్డు మరిచిపోతే అడగడానికి ఒక ప్రశ్న పెట్టుకోవాలి. అది మనమే రాసుకోవచ్చు. బురుల్కన్ బాగా ఆలోచించి రాసింది: నేను నోటితో పలకని పేరు ఏది?

కోడలన్నది అత్తింటి పెద్దమగాళ్ళ పేర్లు పలకకూడదు. వాళ్ళు చచ్చిపోయి వందేళ్ళయినా సరే. మామగారి తాత పేరు ఆమె ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా నోట రానివ్వలేదు. తన నోరు దాటని మాట ఎవడికి తెలుస్తుందిలే అనుకుంది. ఇంత చదువుకుని ఇంత అమాయకత్వం ఏమిటో! కిర్గిజ్ దొంగ ఎవడైనా ఆ ప్రశ్న చూడగానే కోడలి ప్రశ్న అని పసిగట్టడా? ఇక వాడికి కావలసింది అత్తింటివాళ్ళ పేర్లే.

అవి దొరకడం కష్టమేం కాదు. ఏడుతరాల తాతల పేర్లు ఇక్కడ పసిపిల్లలకి కూడా నోటికి రావాలి, రాకపోతే తలవంపులు. ఆకురాలు కాలంలో విందు జరిగినప్పుడు కలిపా అనే తోడికోడలి మనవరాలు కుర్చీ ఎక్కి ఏడు పేర్లూ గడగడా చెప్పింది. కలిపా మురిసిపోయి, వీడియో తీసి లోకమంతా చూసేలా పెట్టింది. కింద బురుల్కన్ పేరు కూడా చేర్చి, నేర్పింది మా టీచరమ్మే అని రాసింది. నిజమే. బురుల్కన్ పలకకుండా, కాగితం మీద రాసిచ్చి నేర్పింది.

రెండో తాళం ఆమెకే లేదు. ఇంట్లో సిగ్నల్ అంతంత మాత్రం, కోడ్ వచ్చేసరికి గడువు దాటిపోయేది. విసుగొచ్చి తీసేసింది. నకలు సంగతి రేపు, రేపు అంటూనే రెండేళ్ళు గడిచింది.

ఒక గురువారం తుర్సునై పరుగెత్తుకుంటూ బురుల్కన్ ఇంటికి వచ్చింది. తన ఖాతా తనకే తెరుచుకోవడం లేదట. నిన్న రాత్రి బురుల్కన్ పేరుతో అందరికీ కబురొచ్చిందిట, ఆరంకెల కోడ్ వస్తుంది, నాకు పంపండి అని. ఏడుగురు పంపారు.

"ఎవరికీ ఇవ్వొద్దని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను కదే."

"ఎవరికీ ఇవ్వలేదు ఎజే. నీకే ఇచ్చాను."

తన పేరుతో కబురు పంపినవాడు తన అరలో కూర్చునే పంపాడని బురుల్కన్‌కి అప్పుడు తట్టింది. తుర్సునైని గుమ్మంలోనే వదిలేసి ఫోన్ తీసింది. పాస్‌వర్డు పనిచెయ్యలేదు.

ఇంట్లో మాట తెగకుండా వినబడేది కిటికీ దగ్గర ఒక్కచోటే. అక్కడ అత్తగారు టీ గిన్నె పట్టుకుని కూర్చునుంది. ఆవిడ మోకాళ్ళ పక్కనే నిలబడి బురుల్కన్ కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఎవరో పడుచుపిల్ల. ప్రశ్న చదివి, జవాబు చెప్పమంది.

"రాసి పంపిస్తానమ్మా."

"కుదరదు ఎజే. మీ నోటితోనే చెప్పాలి, రికార్డవ్వాలి."

"అత్తగారు ఎదురుగా ఉన్నారు."

ఆ పిల్ల కూడా ఎవరింటి కోడలో. "అర్థమైంది ఎజే," అంది గొంతు తగ్గించి. "కానీ నా చేతుల్లో లేదు."

బురుల్కన్ ముఖం గోడవైపు తిప్పుకుంది.

"సాతికే," అంది.

వెనకాల టీ గిన్నె పళ్ళెంలో పెట్టిన చప్పుడైంది.

"ఆ జవాబు నిన్ననే మార్చేశారు ఎజే," అంది ఆ పిల్ల. "అర కూడా ఖాళీ చేసేశారు. కబుర్లు పంపాక మొత్తం తుడిచేసి పోయినట్టున్నారు. తిరిగి తేవడం మా వల్ల కాదు. క్షమించండి."

బురుల్కన్ ఫోన్ దించింది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు. ఆ ఇంట్లో అరవై ఏళ్ళుగా ఏ కోడలూ పలకని పేరది.

"నీ నోట ఆ పేరు వచ్చిందంటే నా కొడుకు కోసమే వచ్చుంటుంది," అంది ముసలావిడ. గొంతులో కోపం లేదు. "తప్పేం లేదులే బిడ్డా. ఇచ్చారా మరి? పలికించు."

బురుల్కన్ తన ఫోన్ అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ తలగుడ్డ పక్కకి జరిపి, ఫోన్ చెవికి ఆనించుకుని, కొడుకు మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.