నా ఒక్కదాని ఖాతా

"బియ్యంల రాళ్లేరుడు గూడ రాదా నీకు?" అంటూ మా ఆయన అమరేందర్ పంటి కింద పడ్డ రాయిని తీసి కంచం అంచున పెట్టాడు. పక్కనే కూర్చున్న మా అత్త గోపమ్మ, "బి.ఏ. సదివినోళ్లకు పుస్తకాలు కనవడ్తయి గని రాళ్లేడ కనవడ్తయిరా" అంది. నేను మజ్జిగ పోస్తూ నవ్వాను. మజ్జిగ ఎంతవరకు వచ్చిందో చప్పుడును బట్టి తెలుసుకుంటున్నానని వాళ్లకు తెలియదు. చేటలో బియ్యం పోసుకుని కిటికీ దగ్గర కూర్చుంటే చేట మొత్తం నాకు కనిపించదు. అరచేతి మేర బియ్యం మసకగా కనిపిస్తుంది, దాని చుట్టూ ఏమీ ఉండదు. నల్లగా కూడా ఉండదు. మిగిలినదంతా వేళ్లతో తడిమి ఏరుతాను. ఎప్పుడో ఒక రాయి తప్పిపోతుంది. ఆ తప్పిపోయిన రాయి ఏదో ఒక రోజు నన్ను పట్టిస్తుందని నా భయం.

మొదట్లో రేచీకటి అనుకున్నాను. కార్తీకంలో మా అమ్మ జానమ్మ, మొక్కు ఉందని వీళ్లకు చెప్పి నన్ను హైదరాబాదు కంటి దవాఖానకు తీసుకుపోయింది. కంటి వెనక పొర ఎండిపోతోందనీ, మందు లేదనీ, మెల్లమెల్లగా చూపంతా పోతుందనీ డాక్టరు చెప్పాడు. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. ఆయన చెప్పింది మా అమ్మకు. "వాళ్లాయనకు చెప్పండి" అన్నాడు చివర్లో. చెప్పలేదు. ఆత్మకూర్‌లో ఉండే మా ఆడబిడ్డ తోడికోడలికి చూపు పోయినప్పుడు అమరేందర్ అన్న మాట నాకు గుర్తుంది. చాయ్ తాగుతూ, ఏ కోపమూ లేకుండా అన్నాడు: "గుడ్డిదాన్ని ఎవడు సాకుతడు? పుట్టింటికి తోలుడే."

ఆ దవాఖానలోనే ఒక నర్సు నా వెనకే వరండాలోకి వచ్చి, పెద్దయ్యాక చూపు పోయిన ఆడవాళ్ల కోసం హైదరాబాదులోనే ఒక హాస్టల్ ఉందని చెప్పింది. వేళ్లతో చదవడం, కర్రతో రోడ్డు మీద నడవడం, పొయ్యి దగ్గర ఒళ్లు కాల్చుకోకుండా వండుకోవడం నేర్పుతారట. ఆరు నెలలు ఉండాలి, ఫీజు ముందే కట్టాలి. మా అమ్మ తిరుమలగిరిలో తన పేర ఉన్న ఎకరం అమ్మి ఆ డబ్బు మోత్కూర్ బ్యాంకులో నా ఖాతాలో వేయించింది. "నీ ఒక్కదాని పేరు మీదనే ఉంచుకో బిడ్డా. అల్లుని పేరు కలుపకు" అంది. అది తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఆ డబ్బుతో బస్టాండు పక్క ప్లాటు కొనాలన్న మాటలు మొదలయ్యాయి. "నీకెందుకు పైసలు, నేను లేనా?" అని అమరేందర్ నవ్వుతూ అడుగుతాడు. ఆ నవ్వు ఎప్పుడు ఆగుతుందా అని నేను వింటూ ఉంటాను.

హాస్టల్ ఫీజుకు డబ్బు తీయాలంటే సంతకం కలవాలి. ఖాతా తెరిచినప్పుడు నా సంతకాన్ని నేను చూడగలిగాను. ఇప్పుడు గీత ఎక్కడ మొదలైందో తెలియదు. అందుకని మధ్యాహ్నాలు అత్త కునుకు తీసే వేళ పాత పేపర్ల మీద సాధన చేశాను. పోస్టుకార్డు అంచును గీతలా ఆనించుకుని అమృత, అమృత అని రాస్తూ పోయాను. కళ్లు మరిచిపోయినా చేతికి గుర్తుంది. అక్షరం వంపు తిరిగే చోట మణికట్టు తనంతట తానే తిరిగేది. ఆ ధైర్యంతోనే అంగడి నాడు కూరగాయలకని చెప్పి, అదే పెన్ను పర్సులో వేసుకుని బ్యాంకుకు వెళ్లాను.

వరసలో నా వెనక గాజులమ్మే గులాబ్‌బీ నిలబడింది. ఆమె గంపలో గాజుల చప్పుడు విని గుర్తుపట్టాను. కౌంటరులో తాజుద్దీన్. మా వీధి పిల్లవాడే, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. డబ్బు తీసే చీటీ మా అమ్మ ముందే నింపి ఇచ్చింది, సంతకం నేను పెట్టాలి. పోస్టుకార్డు ఆనించి, ఊపిరి బిగబట్టి, చేతికి వచ్చినట్టు పెట్టాను. బాగా వచ్చిందని అనిపించింది. చీటీ లోపలికి తోశాను.

"అక్కా, సంతకం వెట్టనే లేదు."

"పెట్టిన తమ్మీ."

"ఏడ?" అన్నాడు. కాయితం వెలుతురుకు ఎత్తి చూస్తున్న చప్పుడు. "అచ్చు పడ్డది గని సిరా లేదు. రీఫిల్ అయిపోయింది. కనవడలేదా?"

గులాబ్‌బీ తొంగి చూసి, "ఉత్త కాయిదమే గదమ్మా" అంది. వెనక ఎవరో నవ్వారు. తర్వాత ఆ నవ్వు కూడా ఆగిపోయింది, దానికే ఎక్కువ భయం వేసింది. రాసి రాసి ఆ రీఫిల్‌ను ఖాళీ చేసింది నేనే. ఎన్ని మధ్యాహ్నాలు సిరా లేకుండానే నా పేరు రాసుకున్నానో నాకు తెలియదు.

మేనేజరు రామచంద్రయ్య నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ జరిపి, నా చూపు సంగతి అడిగి తెలుసుకున్నాడు. మంచివాడే. "చూపు లేనోళ్ల సంతకం చెల్లదమ్మా. వేలిముద్ర దీస్కోవాలె, ప్రతిసారి మీరే రావాలె, సాక్షి కావాలె. చెక్కుబుక్కు ఇయ్యం. గింత తిప్పలెందుకు? సారు పేరు కలుపుండ్రి, ఆయన ముంగట ఫారం మీద ఒక్కపాలి సంతకం వెడితే సాలు, ఇగ ఆయనే చూస్కుంటడు. ఆయన పనిచేసే మండలాఫీసుకు మనిషిని తోలిన, వస్తుండు."

"ఆయనకు చెప్పొద్దు సార్" అన్నాను. అప్పటికే మనిషి వెళ్లిపోయాడు.

అమరేందర్ చెప్పుల చప్పుడు గడప దగ్గర ఆగింది. మేనేజరు అంతా చెప్పాడు, నేను గదిలో లేనట్టుగా. "ఎన్నాళ్ల సంది?" అని అమరేందర్ అడిగాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "నాకు చెప్పాలె గదనే" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి అంత మెత్తగా ఆయన గొంతు నేను వినలేదు. అరిచి ఉంటే ఇంత వణుకు పుట్టేది కాదు.

"ఫారం ఇయ్యుండ్రి సార్. ఇద్దరి పేరు మీద చేద్దాం." నా చూపుడువేలు పట్టుకుని కాయితం మీద ఒక చోట ఆనించాడు. "ఈడ సంతకం వెట్టు."

"ఏం రాసుంది ఇండ్ల?"

"నేను సదివిన."

"సార్, మీరు చదవండి."

రామచంద్రయ్య గొంతు సవరించుకుని చదివాడు: ఖాతాదారులు ఇద్దరిలో ఎవరు సంతకం చేసినా సొమ్ము చెల్లించవచ్చును.

"ఆయనొక్కరొచ్చినా ఇస్తరా? నాకు తెల్వకుండ?"

"ఇస్తం. రూలే గది."

అంటే ప్లాటు. ఆ తర్వాత నేను, చేట, కిటికీ, ఆ కిటికీలోంచి వచ్చే వెలుతురు కూడా తెలియని రోజులు. రాత్రిబడిలో రెండేళ్లు ఆడవాళ్ల చేతికి బలపం ఇచ్చి, ఎవరడిగినా వేలు చాచవద్దని చెప్పినదాన్ని నేను. వేలిముద్ర అంటే నాకు అంత నామోషీ. ఇప్పుడు ఆ నామోషీ ఒక పక్క, ఈ ఫారం ఒక పక్క.

"ఫారం వద్దు సార్. వేలిముద్ర వేస్త. నా ఒక్కదాని పేరు మీదనే ఉండనియ్యుండ్రి."

"పిచ్చి లేసిందా?" అన్నాడు అమరేందర్. "బి.ఏ. సదివి వేలిముద్ర ఏస్తవా? నలుగురు నవ్వరా?" నా మణికట్టు మీద పట్టు బిగిసింది. వంగి, నాకు మాత్రమే వినిపించేలా, "ఇంటికి రావా నువ్వు?" అన్నాడు.

రావాలి. ఇవాళ ఇంకెక్కడికి పోతాను? ఆ గడప, ఆ అత్త, తలుపు వేసిన తర్వాత ఈ గొంతు.

"చెయ్యి వదులుండ్రి" అన్నాను. "ఏడ వెయ్యాల్నో సారు చెప్తరు."

తలుపు దగ్గర గాజులు గలగలమన్నాయి. "సాక్షి నేనుంట సాబ్. నా ఖాతా గూడ ఈడనే" అంది గులాబ్‌బీ. మణికట్టు మీద పట్టు వదులైంది. తాజుద్దీన్ సిరా డబ్బీ తెచ్చి కొత్త చీటీ మీద నా బొటనవేలికి చోటు చూపించాడు. నొక్కాను. వేలు పక్కకు జారింది.

"అలికినట్లయిందక్కా" అన్నాడు మెల్లగా. "గిది చెల్లదు."

"ఇంకో చీటీ ఇయ్యి తమ్మీ" అన్నాను. "మల్ల వేస్త."