సంచుల మీద పేర్చిన కట్టెలు

"ఆ బెల్టు తెగి మొహాన కొడితే ఏం కావాలే?" అన్నాను.

ట్రాక్టరు ఇంకా స్టార్టయినా కాలేదు. అమ్మాయి ట్రాక్టరుతో తిరిగే బెల్టును రంపం చక్రానికి తగిలిస్తూ, తెగలేదు కదమ్మా అంది. తెగాక చెప్పుకోవడానికి ఏముంటుంది?

ముసురు పట్టేలోగా దొడ్లో పడున్న దుంగలన్నీ కోసి కొట్టంలో చేర్చాలి. అమ్మాయి కోస్తుంది, నేను మోస్తాను, ఆయన పేరుస్తాడు. పని పంచుకున్నామే గానీ తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. మొన్న ఎండల్లో గట్టు మీద ఆయనకు కళ్లు తిరిగి, ట్రాక్టరును ముళ్లకంపలోకి దించాడు. ఆ రోజే అమ్మాయి తాళంచెవి లాక్కుంది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచీ ఇద్దరికీ నా నోరే దిక్కు. పక్కపక్కనే నిలబడి కూడా, మీ అమ్మాయిని ఇంకాస్త పొట్టిగా కొయ్యమను అని ఆయనంటాడు. మీ ఆయన్ని వరస అంత ఎత్తు లేపొద్దను అని అదంటుంది. నేను మొగుణ్ణి కట్టుకున్నానో, తంతి ఆఫీసులో చేరానో తెలియడం లేదు.

మధ్యాహ్నానికి నా నడుం నాది కాకుండా పోయింది. అరచేతుల నిండా పేళ్లు గుచ్చుకున్నాయి. రంపం పొట్టు కళ్లలో, నోట్లో, జుట్టులో. అయినా భయానికి మాత్రం అలుపు రాలేదు. కింది కట్టెల చెమ్మ పైవాటికి ఎక్కి చెద పడుతుందేమోనని వరస మధ్యమధ్యలో ఖాళీ ఎరువుల సంచులు పరిచాను. జారతాయే అని ఆయన వద్దన్నాడు. నేను వదల్లేదు. సరే పరుచుకో, నీకు నిద్రయినా పడుతుంది అని ఊరుకున్నాడు. గోడ తడి కట్టెలకు అంటకుండా మధ్యలో మనిషి పట్టేంత సందు వదిలించిందీ నేనే. ఆ సందులో దూరి, ఆయన వెనకవైపు కట్టెలు సర్దుతున్నాడు.

నేను మరో చేతెడు కట్టెలతో గుమ్మం దాకా వచ్చాను. వరస పైసగం, మంచం మీంచి దుప్పటి జారినట్టు, సంచి మీంచి నున్నగా జారి సందులోకి పడిపోయింది. ఆయన కనబడలేదు.

నా చేతుల్లోవి కింద పడటం చూసి అమ్మాయి ట్రాక్టరు ఆపేసింది. పొద్దుట్నుంచీ వాగిన నోరు నాది, అప్పుడు పెగల్లేదు. ఏం జరిగిందమ్మా అని అడిగితే వేలు చూపించాను, అంతే.

అది పరిగెత్తి వచ్చి మోకాళ్ల మీద కూలబడి కట్టెలు లాగి అవతల పారేయసాగింది. నేనూ లాగాను. దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

"నాన్నా," అంది.

ఇంకో రెండు మొద్దులు తీసింది. మళ్లీ పిలిచింది. కోపంతో పలకడం లేదా, అసలు పలకలేడా? ఆ మనిషి పంతం నాకు తెలుసు. పంతమే అయి ఉండాలని నా బతుకులో మొదటిసారి కోరుకున్నాను.

"నాన్నా, తాళంచెవి నీకే ఇచ్చేస్తాను. పలుకు."

అది చెయ్యి ఆపి చెవి ఒగ్గింది. రేకుల మీద ఏదో పిట్ట నడుస్తున్న చప్పుడు, చల్లారుతున్న ఇంజను టిక్కుటిక్కుమనడం తప్ప ఏమీ వినబడలేదు.

లోపల ఓ కట్టె దొర్లింది. దగ్గు వినిపించింది.

"తాళం నీ దగ్గరే ఉండనీ," అన్నాడాయన, నాతో కాదు, దానితోనే. "ముందు నా కాలి మీది మొద్దు తియ్యవే. మెల్లిగా. నడుం పట్టేస్తుంది నీకు."